గ్రహణానికి మూడు బంతులు

చూపు లేని విద్యార్థులు ఇకపై అందరితో సమానంగా ఆన్‌లైన్ పాఠాలు చదువుకుంటారని సర్వజన సులభ పాఠ్య సంఘం తీర్మానించింది. తీర్మానాన్ని నున్నటి కాగితం మీద, చీమ తలకాయలంత అక్షరాల్లో అచ్చు వేయించారు.

పాఠంలోని బొమ్మలను మాటల్లో పెట్టే పని డ్రాయింగు మాస్టారి నెత్తిన పడింది. ఆయన రాసింది కంప్యూటర్ పైకి చదువుతుంది. ఒక్కో పాఠంలో బొమ్మల వర్ణన మొత్తం యాభై పదాలు మించరాదు. (యాభై ఒకటో పదానికి విద్యార్థి అలసిపోతాడని ఒక ఉపసంఘం కనిపెట్టింది.) మొదటి పేజీలోని ఫొటోకు మాస్టారు 'అధ్యక్షులు' అని ఊరుకున్నారు. ఫైలు తిరిగొచ్చింది.

"కోటు రంగేదండీ? ఆ చిరునవ్వు ఏమైపోయిందండీ?" అన్నాడు కార్యదర్శి.

కోటు, జేబురుమాలు, చిరునవ్వు, దూరదృష్టి కలిసి నలభై ఎనిమిది పదాలు మింగేశాయి. సూర్యగ్రహణం పటానికి రెండు మిగిలాయి. మాస్టారు 'మూడు బంతులు' అని రాసి చేతులు దులుపుకున్నారు.

పాఠాన్ని పరీక్షించడానికి సంఘం సభ్యులంతా కళ్లు మూసుకుని విన్నారు. అధ్యక్షులవారు రెండో పేజీకే గురక పెట్టారు. పాఠం హాయిగా సాగుతోందని మిగతా సభ్యులు నమోదు చేసుకున్నారు.

సైన్సు పరీక్ష ముందురోజు సాయంత్రం, పుట్టుకతోనే చూపు లేని పదో తరగతి పిల్ల మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, మధ్య బంతి ఏదండీ? పాఠంలో 'పటం చూడండి' అనే ఉంది. అమ్మ డ్యూటీకెళ్లింది. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుందట. అది రాయకపోతే సైన్సు తప్పుతానండీ."

చంద్రుడు మాస్టారి నాలుక చివరిదాకా వచ్చాడు. కానీ ఒక్కరికే విడిగా చెబితే మిగతావాళ్లకు అన్యాయమని నిబంధన ఉంది. పైగా కార్యదర్శి ఎదురుగానే కూర్చున్నాడు.

"అర్జీ పెట్టుకోమ్మా. సంఘం వచ్చే నెల కూర్చుంటుంది," అన్నారు. ఫోన్ పెట్టేశాక ఆయనకు సిగ్గేసింది. అన్నం మాత్రం ఎప్పటిలాగే తిన్నారు.

పిల్ల సైన్సు తప్పింది. జవాబు పత్రం స్టాఫ్ రూములో మాస్టారి కంటపడింది. పక్కన కూర్చుని రాసిపెట్టే అమ్మాయి, పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసింది: 'గ్రహణానికి మూడు బంతులు కావాలి. వాటికి ముందు ముదురు నీలం కోటులో అధ్యక్షులవారు చిరునవ్వుతో నిలబడి ఉంటారు.'

పక్కనే దిద్దినవారు ఎర్ర సిరాతో రాశారు: 'పటం శ్రద్ధగా చూసి ఉండాల్సింది.'