మా ఊరికి మళ్ళీ షూటింగ్ కావాలి

సినిమా షూటింగును మించిన ప్రజాసేవ లేదు! కాదనేవాళ్ళ ఊళ్ళో ఇంతవరకూ షూటింగు జరగలేదన్నమాట.

మా ఊళ్ళో జరిగింది. వీధికి అడ్డంగా తాళ్ళు కట్టారు. బావి దగ్గరికి పోవాలంటే ఊరు చుట్టి రావాలి. "సైలెన్స్!" అని అరిస్తే కోళ్ళు కూడా నోరు మూసుకోవాలి. నాది సైకిళ్ళకు పంక్చర్లు వేసే పని. గాలి కొడితే చప్పుడవుతోందని నా పంపు పట్టుకుపోయారు. ఇబ్బంది కాదా అంటారా? కాదు! నా పాత పంపుకు ఒక పెద్ద పనిని ఆపేంత శక్తి ఉందని అంతకు ముందు నాకేం తెలుసు?

సినిమా కథేమిటంటే, ఒక బీద పల్లెలో ఒక ముసలాయనా ఒక ముసలామే ప్రేమించుకుంటారు. నవ్విస్తూ నవ్విస్తూ ఏడిపిస్తుందట. బీద ఊరి కోసం వెతికి వెతికి మా ఊరు పట్టుకున్నారు. తీరా వచ్చాక మా బీదరికం వాళ్ళకు చాల్లేదు! మా ఎదురింట్లో కుట్టుమిషను మీద బట్టలు కుట్టే ఆమె ఉంది. ఊరంతా మిషనామె అంటారు. ఆమె అప్పుడే గోడకు వేయించుకున్న సున్నం గీకేశారు. పైగా కొత్త చొక్కాల కట్ట తెచ్చి ముందు పడేసి, చింపి మాసికలు వేయమన్నారు.

"మా అమ్మ నాకు చిరుగులు కుట్టడం నేర్పింది గానీ, చింపడం నేర్పలేదు నాయనా," అంది మిషనామె.

"రియాలిటీ కోసం అమ్మా," అన్నాడు డైరెక్టరు.

"అలాగైతే మా ఆయన చొక్కాలు ట్రంకులో ఉన్నాయి, తీసుకో. అంతా రియాలిటీయే. ఆయనే లేడు."

హీరోకు నలభై దాటలేదు. పొద్దున్నే కూర్చోబెట్టి ముఖానికి ముడతలు అతికించేవాళ్ళు, సాయంత్రం పీకేసేవాళ్ళు. ఊరినిండా తయారుగా ఇన్ని ముడతలుండగా ఈ శ్రమ ఎందుకని నేను అడగలేదు. నేను మామూలుగానే ఎవర్నీ ఏమీ అడగను.

అసలు మేలు ఇప్పుడు చెబుతాను. వెనకాల ఊరివాళ్ళు కనబడాలని నన్నూ మిషనామెనూ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. పని? ఏమీ చేయకపోవడమే పని!

అంతకు ముందు నేను ఆమె గుమ్మం దగ్గర నిలబడాలంటే చొక్కా గుండీ ఊడాలి. అదేమో వేళకు ఊడి చావదు. నేనే కొంచెం చేయి సాయం చేసేవాణ్ణి. ఒక గుండీ కుట్టడానికి ఎంతసేపు పడుతుంది? అంతసేపే మా మాట. ఇల్లు చేరగానే మా కోడలు అనేది: "గుండీ కుట్టడం నాకూ వచ్చు మామయ్యా."

మరి షూటింగు రోజుల్లోనో? రెండోరోజు నాకు ఒళ్ళు బద్ధకించింది. అసిస్టెంటు పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చాడు. "తాతా, నిన్న ఉన్నావు. ఇవాళ లేకపోతే కంటిన్యుటీ పోతుంది!"

ఆ మాటకు అర్థమేమిటో మా అబ్బాయికి తెలియదు. పోకూడనిదేదో పోతుందని మాత్రం హడలిపోయాడు. నన్ను రెక్క పుచ్చుకుని తీసుకెళ్ళి ఆమె పక్కన కూర్చోబెట్టాడు. "ఇంకాస్త దగ్గరగా జరుగు నాన్నా. నిన్న ఇంత ఎడం లేదు," అన్నాడు. అవును, నా సొంత కొడుకే!

ఏం మాట్లాడుకున్నారని అడక్కండి. ఎండ గురించి. ఆమె మోకాలి గురించి. మా ఆవిడ గురించి, వాళ్ళాయన గురించి. పోయినవాళ్ళను తలుచుకుని నవ్వుకోవాలంటే బతికున్నవాళ్ళు ఇద్దరుండాలి. ఆ సంగతి నాకు ఆ బల్ల మీదే తెలిసింది.

"కట్! వెనకాల తాతగారూ, మీరు నవ్వకండి. చూపులన్నీ అటే పోతాయి," అన్నాడు డైరెక్టరు.

"ఈ వయసులో నీ మొహానికి ఇంత గిరాకీనా!" అంది మిషనామె పెదవి కదపకుండా.

షూటింగు అయిపోయింది. బల్ల వాళ్ళదే, వ్యానులో వేసుకుపోయారు.

కొన్నాళ్ళకు సినిమా వచ్చింది. ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి వెళ్ళాం. మేమిద్దరం రెండు మచ్చల్లా కనబడ్డాం. కథలో ఆ ముసలాయన్ని కొడుకు అడ్డుకుంటాడు, ఎదురుచూసి ఎదురుచూసి ఆమె చచ్చిపోతుంది. హాలు హాలంతా ఏడుపే! "వాడు మనిషేనా? ఆ పెద్దాయన్ని ఆమెతో ఉండనిస్తే వాడి సొమ్మేం పోయింది?" అని మా అబ్బాయి ముక్కు చీదాడు.

ఇదే అదను అనుకున్నాను. దారిలో నోరు విప్పాను. "ఒరే, మిషనామెను వాళ్ళ కూతురు తీసుకుపోతానంటోంది, పిల్లల్ని చూసుకోవడానికి. వెళ్ళొద్దని అడుగుదామనుకుంటున్నాను. నాతో ఉండిపొమ్మని."

కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. "సినిమా వేరు, సంసారం వేరు నాన్నా! నన్ను నలుగురిలో తలెత్తుకోనిస్తావా, లేదా?"

"ఈ వయసులో అనాల్సిన మాటేనా మామయ్యా?" అంది కోడలు. ఆమె గొంతు ఇంకా ఏడుపుతో జీరబోయే ఉంది.

అందుకే నా విన్నపం. కెమెరా ఉంటే ప్రేమకు వయసు లేదు. కెమెరా తీసేస్తే ముసలివాడికి సిగ్గు లేదు! డైరెక్టరు గారూ, మళ్ళీ రండి. వీధి మూసేయండి. సున్నం గీకండి. నా పంపు మీరే ఉంచేసుకోండి. ఎన్నటికీ పూర్తికాని సినిమా ఒకటి మొదలుపెట్టండి!

ఈ ఉపాయం చెబితే మిషనామె మిషను ఆపింది. "ఆ సినిమాలో ఆయనకు కొడుకు అడ్డొచ్చాడు, సరే. నీకెవరు అడ్డొచ్చారు? ఊళ్ళో అందరినీ అడుగుతున్నావు. నన్నొక్కదాన్నీ అడిగావా?"

నేను వీధి దాటి ఇంటికొచ్చేశాను.

ఇక పాఠకులు పేజీ తిప్పవచ్చు. మిగిలిన నాలుగు ముక్కలూ మీకు కాదు. ఆమె జాకెట్లకు కొలత కాగితాలు కత్తిరించేది ఈ పేపర్లోనే. కత్తెర పెట్టేముందు అక్షరం వదలకుండా చదువుతుంది.

ఇదిగో, నిన్నే. ఇది చదవడం అయ్యాక తలెత్తి ఎదురుగా చూడు. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, వాడి ముందునుంచే వీధి దాటి వస్తాను. అడుగుతాను. కాస్త గట్టిగానే అడుగుతాను. కూర్చోవడానికి ఏదైనా బయట వెయ్యి.