కుడికొకటి, ఎడమకొకటి

ఆ సోమవారం ఉదయం పళ్ళ డాక్టరుగారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, టైర్ల కొట్టుకు వెళ్ళి బండికి ముందు టైర్లు మార్పించడం, తర్వాత క్లినిక్కు చేరి మొదటి పేషెంటు నోరు తెరిపించడం. ఇందులో గొడవకి చోటెక్కడుందని మీరు అడగవచ్చు. డాక్టరుగారూ అలాగే అనుకున్నారు, పాపం.

ఆ బండి మామూలు బండి కాదు, మూడు చక్రాల మోటారుసైకిలు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. పిల్లల మూడు చక్రాల సైకిలును వెనక్కి తిప్పినట్టుంటుంది. రెండు చక్రాల బండంటే భార్యకు భయమని, ఇంకో చక్రం ఉంటే ధైర్యంగా ఎక్కుతుందని ఆశపడి కొన్నారు. ఆవిడ లెక్కల టీచరు. ఎక్కకపోవడానికి కారణాలు వరసగా చెప్పగలదు. కొన్న దగ్గర్నుంచి ఒక్కసారీ ఎక్కలేదు. బండి మీద అసలు ఆశంతా ఆవిడ తమ్ముడిది. వచ్చినప్పుడల్లా సీటు నిమిరి, నిట్టూర్చి వెళ్ళేవాడు.

"ముందు టైర్లు చూశారా? గుండు కొట్టించినట్టు నున్నగా ఉన్నాయి," అంది టీచరమ్మ కాఫీ గ్లాసు అందిస్తూ. "ఆదివారం మా అక్క ఇంటికి దానిమీదే వస్తాను. క్షేమంగా, తిన్నగా తీసుకెళ్ళి తీసుకొచ్చారా, బండి మనది. లేదా, తాళం తమ్ముడి చేతిలో పెట్టేస్తాను. ఊరికే షెడ్డంతా తింటోంది."

"అక్క మాటంటే మాటే బావగారూ," అన్నాడు బావమరిది. అప్పటికే తాళం వంక చూస్తున్నాడు.

డాక్టరుగారు తాళం తీసి జేబులో వేసుకున్నారు. ఈ లోకంలో ఆయన చెప్పినట్టు వినేది ఆ బండి ఒక్కటే. పేషెంట్లు నోరు తెరుస్తారు గానీ చెప్పింది వినరు. ఇంట్లో సంగతి మనం మాట్లాడుకోవద్దు. అలాంటి బండిని బావమరిది పాలు చేసుకోవడమా? ప్రాణం పోయినా సరే, ఆదివారం నాటికి దానికి దివ్యమైన టైర్లు వేయించాలనుకున్నారు.

టైర్ల కొట్టాయన రెండు రకాలు దొర్లించుకొచ్చి ముందు పెట్టాడు. "ఇది మెత్తరకం సార్. రోడ్డును పట్టుకుంటే వదలదు, కాకపోతే తొందరగా అరుగుతుంది. ఇది గట్టిరకం. చాలాకాలం వస్తుంది, కాకపోతే వానలో కాస్త జారుడు. ఏది వెయ్యమంటారు?"

డాక్టరుగారు రెండింటినీ గోటితో గిల్లారు. వేలితో కొట్టి చెవొగ్గి విన్నారు. జేబులోంచి చిన్న టార్చి తీసి గాడుల్లోకి వేసి చూశారు. ఇంకాసేపుంటే పుక్కిలించమనేవారే. చివరికి ఆయనకు తన వృత్తి గుర్తొచ్చింది. కొత్త టూత్‌పేస్టు ఏదొచ్చినా ఆయన పేషెంటు చేత కుడివైపు పళ్ళకు ఒకటి, ఎడమవైపు పళ్ళకు ఇంకొకటి వాడించి, ఏది మేలో తేల్చేవారు. నోరు ఒకటే, తిండి ఒకటే, మనిషి ఒకడే. ఇంతకన్నా న్యాయమైన పరీక్ష ఎక్కడా ఉండదని ఆయన సిద్ధాంతం.

"ఎడమకి మెత్తది వెయ్యి, కుడికి గట్టిది వెయ్యి," అన్నారు.

"అయ్యబాబోయ్! ముందువి రెండూ జోడీ ఉండాలి సార్. బండి ఓ పక్కకి లాగేస్తుంది."

"ఇన్నేళ్ళలో నేను ఎన్ని నోళ్ళు చూశానో తెలుసా?"

ఆ ప్రశ్నకు టైర్ల కొట్టులో జవాబు దొరకదు. కొట్టాయన చెప్పినట్టే బిగించాడు.

కొట్టు దాటీ దాటకముందే బండి ఎడమకి లాగడం మొదలుపెట్టింది. వెంటనే వెనక్కి వెళ్ళి మార్పించుకోవచ్చు. కానీ మనిషన్నాక తప్పు చేస్తాడు, డాక్టరన్నాక ఒప్పుకోడు. రెండు చేతులతో హ్యాండిల్ కుడికి లాగిపట్టి, పళ్ళు బిగించి నడిపారు. బజారు చివర మలుపు దగ్గర చేతులు నొప్పెట్టి పట్టు సడలింది. బండి తీరిగ్గా ఎడమ సందులోకి తిరిగి, ఈమధ్యే క్లినిక్ పెట్టిన కొత్త పళ్ళ డాక్టరమ్మ గేటు పక్క గోడకు ముక్కు ఆనించి ఆగింది. మర్నాడూ అక్కడే ఆగింది. ఆ మర్నాడూ అంతే.

ఇది డాక్టరుగారి కాంపౌండరు కళ్ళబడింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. "మన డాక్టరుగారు రోజూ అక్కడికి వెళ్తున్నారండీ. ఎందుకో మాత్రం నేను చెప్పకూడదు," అని నలుగురితో అన్నాడు. ఆయనకు తెలియదు కాబట్టి చెప్పకూడదన్నది నిజమే. మధ్యాహ్నానికి డాక్టరుగారికే పన్నునొప్పి అన్నారు. సాయంత్రానికి పళ్ళన్నీ పీకించుకున్నారన్నారు. మర్నాడు క్లినిక్‌లో కుర్చీ ఎక్కిన పెద్దాయన నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.

"నోరు తెరవండి," అన్నారు డాక్టరుగారు.

"ముందు మీరు తెరవండి. చూసి తెరుస్తాను."

గోరంత కొండంతై ఇంటికి చేరడానికి ఎంతసేపు? మోసుకొచ్చింది బావమరిదే. "బావగారి బండి రోజూ ఆ కొత్త డాక్టరమ్మ గేటు దగ్గరే ఉంటోందటక్కా!"

టీచరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మొహం పాలిపోయింది. "ఆ గేటు దగ్గర మీకేం పని? అక్కడ ఎవర్ని చూశారు?"

"ఎవర్నీ చూడలేదు! ఎడమకో టైరు, కుడికో టైరు వేయించాను. పరీక్ష! అందుకని కాస్త ఎడమకి లాగుతోంది, అంతే."

"బండి లాగుతోందా, మనసు లాగుతోందా బావగారూ?" అని బావమరిది అగ్గికి ఆజ్యం పోశాడు.

"నువ్వు నోర్ముయ్యరా," అని టీచరమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరుగారికి భయం వేసింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానూ ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద ఎవరైనా అనుమానపడటం ఇదే మొదలు. అద్దం ముందు నిలబడి రెండోసారి జుట్టు దువ్వుకున్నారు కూడా. అప్పుడు తట్టింది అసలు చిక్కు. ఆదివారం బండి తిన్నగా వెళ్తే ఆయన అబద్ధాలకోరు. ఎడమకి లాగితే బండి పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇది చాలదన్నట్టు శనివారం బావమరిది, బండి కడిగిస్తానని పట్టుకుపోయాడు. రేపోమాపో తనదయ్యే బండి రోడ్డు మీద వంకర నడక నడవడం అతను భరించలేకపోయాడు. సొంత డబ్బు పెట్టి కుడివైపూ మెత్తరకమే వేయించి, తుడిచి తెచ్చి షెడ్డులో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారికి రెండూ నల్లగానే కనబడ్డాయి.

ఆదివారం టీచరమ్మ హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కింది. డాక్టరుగారు వారం అలవాటు కొద్దీ హ్యాండిల్ కుడికి లాగిపట్టారు. బండి బుద్ధిగా కుడికి పోయి పక్కింటివాళ్ళ పూలకుండీని పడగొట్టింది.

"ఎడమకన్నారు?" అంది వెనకనుంచి.

ఆయన బిత్తరపోయి చేతులు సడలించారు. బండి దారం పట్టి గీసినట్టు తిన్నగా సాగింది. ఏ బండి అయినా బాగా నడిచినందుకు యజమాని ఇంతగా ఏడ్చి ఉండడు. బజారు చివర మలుపు వచ్చింది. బండి పిసరంత కూడా ఒరగలేదు. బండా, పరువా? ఆయన పరువుకే ఓటేశారు. కళ్ళు మూసుకుని హ్యాండిల్ ఎడమకి తిప్పేశారు.

"అటెందుకు? తిన్నగా పోనివ్వండి!"

"చూశావా, లాగేస్తోంది! నా చేతుల్లో లేదు!"

"మీ చేతులే తిప్పుతున్నాయండీ! వద్దండీ, నమ్మానండీ, వెనక్కి తిప్పండి!"

బండి వెళ్ళి పచ్చి సిమెంటు గోడలో ముక్కు దిగేసింది. తాపీ పట్టుకున్న మేస్త్రీ ఒక్క గెంతులో తప్పుకున్నాడు.

కొత్త డాక్టరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. "మళ్ళీ వచ్చారా అంకుల్! వారం నుంచి ఇదే గోడ! ఇప్పుడే పూత వేయించాను."

"విన్నావా?" అని డాక్టరుగారు విజయగర్వంతో వెనక్కి తిరిగారు. "నేను గుద్దింది గోడనే! విన్నావా?"

టీచరమ్మ హెల్మెట్ అద్దం కిందికి దించుకుని ఆకాశం చూస్తోంది.

"అరే, ఆ అరుపు టీచరుగారిదే కదూ!" అంది డాక్టరమ్మ నవ్వుతూ. "మిమ్మల్ని వచ్చే మంగళవారం రమ్మన్నాను కదండీ. కుడివైపు పన్ను ఎలా ఉంది? మళ్ళీ నొప్పేమైనా వచ్చిందా?"

మేస్త్రీ తాపీతో మళ్ళీ గోడ గీకడం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ళబట్టి?" అన్నారు డాక్టరుగారు నెమ్మదిగా.

"మూడు నెలలు," అంది అద్దం వెనకనుంచి చిన్న గొంతు. "మీరు కనిపెట్టేశారేమోనని ఈ నాలుగు రోజులూ నాకు నిద్ర లేదు."

"ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని..."

"కుడికో సిమెంటు, ఎడమకో సిమెంటు పెట్టి, ఏది ముందు ఊడుతుందో చూద్దామంటారని భయమేసిందండీ. నావి పళ్ళండీ, టైర్లు కావు."

ఆయనకు నిజంగానే బాధ వేసింది. ఊళ్ళో పేషెంట్లంతా ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిపోయినా ఇంత బాధపడేవారు కాదు. ఆ సంగతి వీపు చూసే టీచరమ్మకు తెలిసిపోయింది. భుజం మీద చెయ్యి వేసింది.

"బండి మనింట్లోనే ఉంటుందిలెండి," అంది.

"షెడ్డులో చోటు?"

"మొత్తం దానికే."

"మంగళవారం నేను దింపుతాను," అన్నారాయన. బేరం కుదిరింది. అక్కగారింటికి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ బండి గీత దాటలేదు.

సాయంత్రం గుమ్మంలో తాళం కోసం కాచుక్కూర్చున్న బావమరిదికి డాక్టరుగారు విజయం వివరించారు. "చూశావుటోయ్, వారం వాడకంలో రెండు రకాలూ ఒకదానికొకటి ఎలా సర్దుకున్నాయో! జోడీ టైర్లే వెయ్యాలన్నది వట్టి మూఢనమ్మకం. అవునా, కాదా?"

బావమరిది అవునని తలూపాడు. తేలు కుట్టిన దొంగ అంతకన్నా ఏం చేస్తాడు?