ఓల్టేజీ పడితేనే పాట

ఆ ఆదివారం ఉదయం యేసుకుమార్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆరున్నరకు కుళాయిలు వస్తాయి. వీధిలో ఇంటింటా మోటార్లు వేస్తారు. ఓల్టేజీ పడిపోతుంది. ఏడింటికి హేమసుందర్ వచ్చి గిటారు వింటాడు, బాగుందంటాడు. ఆ తర్వాత తీరిగ్గా స్నానం చేసి భార్య వినీలతో చర్చికి వెళ్లొచ్చు.

తొంభై ఏడు మే నెలలో, బెజవాడ మొత్తానికి ఓల్టేజీ పడిపోవాలని కోరుకున్న మనిషి బహుశా అతనొక్కడే. దానికి కారణం గదిలో మూలనున్న వాల్వు యాంప్లిఫైయర్. మూతపడిన ఒక ఆర్కెస్ట్రా పార్టీ దగ్గర దాన్ని ముచ్చటపడి కొన్నాడు. ట్రాన్సిస్టర్లు లేని పాతకాలపు పెట్టె అది. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతాయి. వాటికి శక్తికి మించిన పని పెడితే గిటారు గొంతు బొంగురుపోయి, పులి గుర్రుమన్నట్టు పలుకుతుంది. ఓవర్‌డ్రైవ్ అంటే అదే. కానీ వాల్వులు అంత అవస్థ పడాలంటే సౌండు పూర్తిగా పెంచాలి. పెంచితే కింది వాటాలో అలమర గిన్నెలు కిందపడతాయి.

గిన్నెలు పడితే సర్దుకోవచ్చు. కింద ఇంటావిడ వెంకటరత్నమ్మ గారి కూతురు ఉష పురిటికొచ్చి ఉంది. ఆ పసివాడికి ఇరవై రోజులు. మోటారు మోతకు హాయిగా నిద్రపోతాడు కానీ, గిటారు తీగ ఒక్కటి గట్టిగా మోగితే చాలు, వీధి చివరిదాకా వినపడేలా ఏడుస్తాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం మోటార్లన్నీ తిరుగుతున్న వేళ, యేసుకుమార్ సౌండు బాగా తగ్గించి వాయిస్తుంటే యాంప్లిఫైయర్ తనంతట తనే గుర్రుమంది. టీవీ కోసం గోడకు బిగించిన స్టెబిలైజర్ ముల్లు నూట అరవై ఓల్టుల దగ్గర ఉంది. కరెంటు చాలక వాల్వులు చిన్న పనికే ఆయాసపడుతున్నాయన్నమాట! పసివాడు కదల్లేదు. యేసుకుమార్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడా చప్పుడు వినడానికి వన్ టౌన్ నుంచి హేమసుందర్ వస్తున్నాడు. భక్తి పాటల క్యాసెట్లు తీసే మనిషి. కొత్త క్యాసెట్లో, బైబిల్లోని యెరికో పట్టణం గోడలు కూలే పాట ఒకటుంది. "గోడ కూలే చోట గుండె అదరాలండీ," అన్నాడు ఫోన్లో. "కీబోర్డు మీద పెట్టి చూశాం, అప్పడం విరిగినట్టుంది."

పన్నెండేళ్లుగా చర్చిలో ఎవరికీ వినపడకుండా గిటారు వాయిస్తున్న యేసుకుమార్‌కు అది మొదటి పిలుపు.

ఆరున్నరైంది. కుళాయి రాలేదు. ఆరూ నలభై ఐదుకీ రాలేదు. వీధిలో ఒక్క మోటారు చప్పుడు లేదు. స్టెబిలైజర్ ముల్లు రెండువందల ఇరవై ఎనిమిది మీద ఎక్కి కూర్చుంది. గిటారు మీటితే గుడి గంటలా ఖంగుమంటోంది.

"ఇంకో రోజు రమ్మని చెప్పండి," అంది వినీల.

"ఈపాటికి బయల్దేరి ఉంటాడు."

ఇస్త్రీపెట్టె పెట్టాడు. హీటరు పెట్టాడు. మిక్సీలో ఏమీ లేకుండా తిప్పాడు. ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇక లాభం లేదని చొక్కా తొడుక్కుని కిందికి దిగాడు.

వెంకటరత్నమ్మ గారు గుమ్మంలో ఖాళీ బిందె ముందు కూర్చుని ఉన్నారు.

"పిన్నిగారూ, ఒకసారి మోటారు వేస్తారా?"

"నీళ్లే రాలేదుగా బాబూ."

"అయినా ఒకసారి వేసి చూడండి."

ఆవిడ అతని మొహంలోకి తేరిపార చూశారు. యేసుకుమార్ మునిసిపల్ ఆఫీసులో మంచినీళ్ల సెక్షన్ గుమాస్తా. కుళాయిలకు మోటార్లు తగిలించడం నేరమని ఏటా వీధివీధికీ పంపే నోటీసులు టైపు చేసేది అతనే. అలాంటివాడు పొద్దున్నే దిగొచ్చి మోటారు వేయమంటున్నాడంటే ఉత్తినే అంటాడా?

"అర్థమైందిలే," అన్నారావిడ గొంతు తగ్గించి. "ఎవరితోనూ అనన్లే."

మోటారు వేసి, నేరుగా పిట్టగోడ దగ్గరికి వెళ్లి పక్కింటివాళ్లతో అన్నారు.

ఈలోగా యేసుకుమార్ ఎదురింటి శౌరమ్మ దగ్గరికి పరుగెత్తాడు. ఇడ్లీలు వేసి అమ్మే ఆమెకు పెద్ద గ్రైండరుంది.

"పిండి రాత్రే రుబ్బేశాను యేసుబాబూ."

"పోనీ మోటారన్నా వెయ్యి శౌరమ్మా, నీకు పుణ్యముంటుంది."

"నీళ్లొదిలారా?"

"నేనలా అన్లేదు..."

శౌరమ్మకు ఆ సగం మాట చాలు. మూడో ఇంటికి చేరేసరికి అది 'అరగంటే వదుల్తారట' అయింది. ఆరో ఇంటికి 'ఇవాళ తప్పితే మళ్లీ గురువారమేనట' అయింది. మలుపు దగ్గర ఉండే రత్తయ్య కంకిపాడు పొలానికి తీసుకెళ్లాల్సిన పెద్ద మోటారును ఎడ్లబండి మీంచి దింపించి మరీ తగిలించాడు. పావుగంటలో ఇరవై పైచిలుకు మోటార్లు ఉత్త గాలి పీలుస్తూ హోరెత్తాయి.

యేసుకుమార్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చి చూశాడు. నూట తొంభై. నూట డెబ్భై. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. నూట యాభై ఐదు! సరిగ్గా అప్పుడే హేమసుందర్ రొప్పుతూ పైకొచ్చాడు.

"ఏంటండీ, మీ వీధిలో తిరునాళ్లా? బిందెలు దాటుకుని రావాల్సొచ్చింది."

"కూర్చోండి సార్, కూర్చోండి," అంటూనే యేసుకుమార్ వాయించడం మొదలుపెట్టాడు. గుసగుసకన్న కాస్త పెద్దగా, అయినా కడుపులోంచి ఉరిమినట్టు లేచింది చప్పుడు. వినీల తెచ్చిచ్చిన కాఫీ గ్లాసు హేమసుందర్ చేతిలో గాలిలోనే ఆగిపోయింది.

"ఇదండీ! ఇదే గోడ కూలడమంటే! స్టూడియోకి ఎప్పుడొస్తారు?"

"స్టూడియోలో స్టెబిలైజర్లుంటాయి సార్. ఇది ఈ ఇంట్లోనే పలుకుతుంది."

"అయితే రికార్డింగు మిషనే ఇక్కడికి తెస్తా. వచ్చే ఆదివారం, ఇదే టైముకి. గిటారు ముక్క ఇక్కడ తీసుకుని మిగతాది అక్కడ కలుపుకుంటాం," అని చెప్పి ఆయన సంతోషంగా దిగి వెళ్లాడు.

ఆయన అటు వెళ్లడమేమిటి, కింద గొడవ ఇటు మొదలైంది. రత్తయ్య మోటారు కాలిన వాసన వస్తోంది. బిందెల వెనక బిందెలు, వాటి వెనక మనుషులు. "యేసుకుమార్ గారే చెప్పారు" అన్న మాట మాత్రం స్పష్టంగా వినపడుతోంది.

వీధి సంఘం ప్రెసిడెంటు, రిటైర్డు హెడ్మాస్టరు సంజీవరావు గారు అప్పుడే ఎస్టీడీ బూతు నుంచి తిరిగొచ్చారు. ఆయన ఇంజనీరు గారింటికే ఫోను చేసి, "మీ గుమాస్తా నీళ్లొదిలారంటాడు, మాకు చుక్క రాలేదు. మధ్యలో ఎవరు తాగేశారండీ?" అని నిలదీసి వచ్చారు.

ఆ మాట వినగానే యేసుకుమార్‌కు సంగతి అర్థమైపోయింది. రేపు ఆఫీసులో మెమో ఖాయం. మెట్లు దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ అందరికీ నిజం చెప్పాలండి. నేను మోటారు వేయమన్నది నీళ్ల కోసం కాదు. నా గిటారు..."

కుళాయి ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, ఆ వెంటనే మణికట్టంత లావున ధార కట్టింది. వీధి అంతా కేక వేసింది. పంపుహౌసులో ఆపరేటరు నిద్రపోయాడని, ఇంజనీరు గారు ఫోన్లో పెట్టిన చీవాట్లకు ఉలిక్కిపడి లేచి వాల్వు తిప్పాడని తర్వాత తెలిసింది. అప్పటికి యేసుకుమార్ నిజం ఎవరికీ పనికిరాకుండా పోయింది.

"మీ పలుకుబడి ఇన్నాళ్లూ దాచుకున్నారు!" అని సంజీవరావు గారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. శౌరమ్మ ఇరవై ఇడ్లీలు పంపింది. రత్తయ్య కాలిన మోటారును చూసుకుంటూ కూడా నవ్వాడు. "మీ గిటారు సంగతేదో అంటున్నారు?" అని సంజీవరావు గారే గుర్తు చేశారు. వచ్చే ఆదివారం రికార్డింగు ఉందని మాత్రం చెప్పి, యేసుకుమార్ పైకెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం హేమసుందర్ మిషను, మైకులు బిగించి కూర్చున్నాడు. ఆరున్నరకల్లా కుళాయిలు వచ్చాయి, మోటారు వేస్తే తప్ప బిందె నిండనంత సన్నగా. అయినా ఒక్క మోటారూ మోగలేదు. కుక్కలు కూడా మొరగలేదు. యేసుకుమార్ స్టెబిలైజర్ కేసి చూశాడు. రెండువందల ముప్పై ఒకటి.

కిందికి పరుగెత్తాడు. వీధి మధ్యలో సంజీవరావు గారు మూతి మీద వేలు పెట్టుకుని కాపలా తిరుగుతున్నారు.

"మోటార్లు వేయలేదేంటండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఎలా వేస్తామండీ, మీ పాటలో ఆ గోల పడదూ! ఇంటింటికీ చెప్పొచ్చాను. రత్తయ్యైతే గేదెని పక్కవీధిలో కట్టేసి వచ్చాడు."

"నీళ్లు పోతాయి పిన్నిగారూ," అన్నాడు వెంకటరత్నమ్మ గారి వైపు తిరిగి.

"ఒక్కపూట నీళ్లు లేకపోతే చచ్చిపోంలే నాయనా," అన్నారావిడ మనవణ్ణి భుజానేసుకుని జోకొడుతూ, గుసగుసగా. "నువ్వెళ్లి వాయించుకో. వీధి పేరు నిలబెట్టాలి."

యేసుకుమార్ ఆమె వెనక ఖాళీ బిందెల వరస చూశాడు. తన పాట కోసం ఒక వీధి ఊపిరి బిగబట్టడం అతని జీవితంలో ఎన్నడూ జరగలేదు. ఇక నిజం చెప్పి దాన్ని పాడుచేయడానికి మనసొప్పలేదు. పైకి వెళ్లి, ఉన్న గొంతుతోనే, తీగల మీద వేళ్లు మెల్లగా జారుస్తూ, గమకాలు పలికిస్తూ వాయించాడు. హేమసుందర్ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"గోడ కూలలేదు," అన్నాడాయన కళ్లు తెరిచి. "ఎవరో ఇటుక తర్వాత ఇటుక తీసి పక్కన పెట్టినట్టుంది. కానీ బావుందండీ, ఇదీ బావుంది. ఉంచేద్దాం."

క్యాసెట్ జూలైలో వచ్చింది. వీధిలో ఇంటికొకటి కొన్నారు. సంజీవరావు గారు కళ్లజోడు పెట్టుకుని, అట్ట లోపలి పేర్లు అందరికీ వినపడేలా చదివారు. రచన, సంగీతం, గానం అయ్యాక, చివరి వరసలో ఉంది: వీణ – యేసుకుమార్.