ఏటవాలు నేల, ఉల్లిపాయల గోడ

పాత సినిమా హాలు మూతపడిందని మీరింకా బాధపడుతున్నారా? సంతోషించండి! మా వీధి చివరి హాలు మూతపడటమంత మంచి పని ఈ పేటలో ఇంకొకటి జరగలేదని ఎక్కడైనా సరే, బల్లగుద్ది చెబుతాను.

అసలు అందులో ఏముండేది? టికెట్ కిటికీ దగ్గర చొక్కా చిరక్కుండా బయటపడితే అదే పెద్ద విజయం. ఫ్యాను తిరిగితే మోత, ఆగితే చెమట. ఇప్పుడో? ఆ భవనం ఎన్ని అవతారాలెత్తిందో చూడండి!

మొదట ఫంక్షన్ హాలైంది. తెర వైపుకి దిగిపోయే ఆ ఏటవాలు నేలను ఓనరు చదును చేయించలేదు. ఎంత ముందుచూపు! ఒక పెళ్ళిలో అలిగి చివరి వరసలో కూర్చున్న పెళ్ళికొడుకు బావగారు, ప్లాస్టిక్ కుర్చీతో సహా మెల్లగా జారుకుంటూ భోజనాల వేళకి స్టేజీ దగ్గర తేలారు. బతిమాలేవాళ్ళకి శ్రమ తప్పింది.

తర్వాత కోచింగ్ సెంటరైంది. ఎవరి పెన్ను కిందపడ్డా దొర్లుకుంటూ వెళ్ళి మాస్టారి కాళ్ళ దగ్గర ఆగేది. అక్కడ పనిచేసినన్నాళ్ళూ ఆయన పెన్ను కొన్న పాపాన పోలేదు.

ఇప్పుడు సూపర్ మార్కెట్. ట్రాలీని తొయ్యక్కర్లేదు, వదిలితే చాలు! సబ్బు కోసం వచ్చినవాళ్ళు కూడా తెర ఉండే గోడ దాకా కొట్టుకుపోయి, అక్కడున్న ఉల్లిపాయలు కొనుక్కొస్తున్నారు. అభివృద్ధి అంటే ఇది కాదూ?

అందరికంటే బాగుపడింది మా పెద్దక్క. అత్తమామలు, ఆడపడుచులు, పిల్లలతో కిక్కిరిసిన ఇల్లు ఆవిడది. ఒకప్పుడు వారం వారం మ్యాట్నీకి వెళ్ళి, కామెడీ సినిమాకైనా సరే, చీర చెంగు తడుపుకుని వచ్చేది.

"ఇంట్లో ఏడిస్తే ఏమైందని పదిమంది అడుగుతార్రా. అక్కడ చీకట్లో ఎవరికి పట్టింది?" అనేది.

ఆ పిచ్చి అలవాటు ఎలా పోతుందా అనుకునేవాణ్ణి. హాలుతోపాటే పోయింది. పీడా వదిలింది!

మొన్న సబ్బు కోసం వెళ్ళి, మామూలుగానే ఉల్లిపాయల దగ్గర తేలాను. ఒకప్పుడు తెర ఉన్న గోడకి ఎదురుగా మా అక్క ఖాళీ ట్రాలీ పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"ఏముందిరా, ఉల్లిపాయల ఘాటు."

కొయ్యని ఉల్లిపాయలకి ఘాటేమిటని నేను అడగలేదు. కానీ ట్యూబులైట్ల వెలుగులో సరుకులు సర్దే అమ్మాయి అడిగింది, బిల్లు కొట్టే అబ్బాయి అడిగాడు, పక్కింటావిడ రెండుసార్లు అడిగింది. అక్క అందరికీ ఉల్లిపాయలే చూపించింది.

అయ్యా, సూపర్ మార్కెట్ వారూ! మీ సరుకు బ్రహ్మాండం, మీ ట్రాలీలు అద్భుతం. ఒక్కటే చిన్న మనవి. రోజూ మ్యాట్నీ వేళకి, ఆ గోడ దగ్గర లైట్లు కాసేపు ఆర్పగలరా?