మూడోవాడి గీతలు

“నా చూపు తప్పించుకునే నేరస్థుడు ఇంకా పుట్టలేదు. పుడితే పురిటిగదిలోనే పట్టేస్తా!” అని తార్నాకలో ఆటో ఎక్కుతూ ప్రకటించాడు రఘువీర్.

“అడ్రస్ చెప్పున్రి సార్,” అన్నాడు డ్రైవర్.

కోచింగ్ సెంటర్లో సైకాలజీ చెప్పే రఘువీర్‌కు మనుషుల మనసుల్లోని దొంగదారులన్నీ తెలుసు. తెలుసని అతని మనసు అతనికి చెప్పింది.

క్యాంపస్ ల్యాబ్‌లో, సాయానికి రమ్మని ఫోన్ చేసిన రీసెర్చ్ స్కాలర్ సుజాత ఏడుపు మొహంతో ఎదురొచ్చింది.

“అన్నా, చద్దన్నంల రెండు బ్యాక్టీరియాలు దొరికినయ్. మైక్రోస్కోపుల చూస్తే అక్కాచెల్లెళ్ల లెక్క ఒక్క తీరే ఉంటయ్. గీ మాస్ స్పెక్ట్రోమీటర్ల పెడితే, లేజర్ కొట్టి, ప్రోటీన్ల బరువులు చూసి గీతలు గీస్తది. ఎవరి గీతలు వాళ్లకే. కానీ రెండిట్ల ఎవడో మూడోవాడి గీతలొస్తున్నయ్! సాయంత్రం లోపల వేర్వేరని చూపియ్యకుంటే గైడ్ నా ప్రాజెక్టు మా ల్యాబ్‌లనే ఉండే బాబీకి ఇచ్చేస్తడట.”

“మూడోవాడు బాబీయే!”

“బాబీ వారం సంది ఊళ్లె లేడన్నా.”

“నేరం జరిగిన చోట లేనివాడే అసలు నేరస్థుడు, చెల్లాయ్.”

అంతలో నేరం జరిగినప్పుడు తనూ ఇక్కడ లేడని గుర్తొచ్చింది. తన మీద తనకే అనుమానం. తన కళ్లలోని అపరాధ భావాన్ని పట్టుకుందామని అద్దంలా తళతళలాడే మెషీన్ తలుపులోకి వంగాడు. ఆనుకున్న స్టూలు జారింది. పడబోతూ తలుపు పట్టుకుని, ఆ చేతి వేలితోనే బల్ల మీది గడుల స్టీలు పలకను పొడిచాడు.

“అన్నా, ముట్టకు! శాంపిల్స్ దాని మీదనే ఉన్నయ్!”

వేలు ఖాళీ గడిలో పడింది. ఉన్నది ఆ ఒక్క పలకే. సుజాత దేవుడి మీద భారం వేసి దాన్నలాగే లోపల పెట్టింది.

తెర మీద ఖాళీ గడి నుంచి కూడా గీతలు లేచాయి. మూడోవాడు, ఒంటరిగా!

సుజాత రఘువీర్ వేలు లాక్కుని చూసింది. పసుపు. మెషీన్ తలుపు మీద బొట్టు చెదిరి ఉంది. గైడ్ బెదిరించిన నాటినుంచి, ప్రతి పరీక్షకూ ముందు ఆమె శుభ్రంగా కొత్త గ్లౌజు తొడుక్కుని, ఆ వేలితోనే మెషీన్‌కు పసుపు బొట్టు పెట్టి, మొక్కుకుని, అదే వేళ్లతో శాంపిల్ అద్దుతోంది.

పలక కడిగింది. గ్లౌజు మార్చింది. బొట్టూ మొక్కూ లేకుండా శాంపిల్స్ మళ్లీ అద్ది పెట్టింది. అక్క గీతలు అక్కవి, చెల్లె గీతలు చెల్లెవి.

“సార్, రెండూ వేరే సార్!” అని గైడ్‌కు ఫోన్లో అరిచింది.

రఘువీర్ ఇంకా ఆమెనే గుచ్చి చూస్తున్నాడు. “చెల్లాయ్, నేరస్థుడెవరో నన్నే చెప్పమంటావా?”

“ఇంకెవరన్నా, నేనే!” తల కొట్టుకుని నవ్వింది.

రఘువీర్ చల్లగా నిట్టూర్చాడు. ఎంతటివాళ్లయినా తన చూపు ముందు లొంగాల్సిందే.

“ఒప్పుకున్నావు, అది చాలు. బాబీకి చెప్పనులే.”

తిరుగు ఆటోలో అతన్ని ఒకటే బాధ తొలిచింది: అంత మంచి పిల్ల ఈ నేరాల్లోకి ఎలా దిగింది?