గుడారంలో సంఘీభావం

"ఈ గడప లోపల స్వదేశీ లేడు, విదేశీ లేడు. పెద్ద లేడు, చిన్న లేడు. ఉన్నది మనిషి ఒక్కడే!" అని ప్రకటించి, వౌటర్ ఆ మనుషుల్లో ఏడుగురిని సోఫాల మీద, పన్నెండుమందిని నేలమీద కూర్చోబెట్టాడు.

సోఫాల మీదున్నవాళ్ళు ఆ ఇంట్లో అద్దెకుంటున్న విద్యార్థులు. నేలమీదున్నవాళ్ళు అక్కడ ఖాళీ అయిన ఒకే ఒక్క గది కోసం వచ్చిన విద్యార్థులు. నెదర్లాండ్స్‌లోని ఆ విశ్వవిద్యాలయం ఊళ్ళో గది కావాలంటే ఇంటి యజమానికి నచ్చితే చాలదు, లోపలున్న వాళ్ళందరికీ నచ్చాలి. అచ్చం పెళ్ళిచూపులే! కాకపోతే ఇక్కడ పెళ్ళికూతుళ్ళు పన్నెండుమంది.

ఆ వరసలో చివర కూర్చున్న అమ్మాయి నేజా. మట్టిని గురించి చదువుకోవడానికి స్లోవేనియా నుంచి వచ్చి, మూడు వారాలుగా ఊరి బయట మైదానంలో గుడారం వేసుకుని ఉంటోంది. తడిసిన పుస్తకాలు గ్రంథాలయంలో ఆరబెట్టుకుంటుంది. స్నానం వ్యాయామశాలలో. ఇది ఆమె చూసిన పదిహేడో ఇల్లు.

"నువ్వు జంతువువైతే ఏ జంతువువి?" అని అడిగాడు వౌటర్. మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళుగా చదువుతున్నందువల్ల, పెద్దలు లేని ఆ ఇంటికి అతనే పెద్ద.

"నీటిపిల్లిని! గుంపులో ఇట్టే కలిసిపోతాను. కానీ నా ఏరు నాకుంది" అన్నాడు నేజా పక్కనున్న కుర్రాడు. సోఫాలు తన్మయంగా తలలూపాయి.

నేజా వంతు వచ్చింది. "నత్తనైతే బాగుండేది. ఇల్లు వీపుమీదే ఉండేది. ఇప్పుడు గుడారంలో ఉంటున్నా."

గది చల్లబడిపోయింది. సోఫా మీదున్న అన్నెలోట్ ముఖం ఒక్కటే వెలిగింది.

"గుడారంలోనా? నిజంగా? వానలో కూడానా? అబ్బ, ఎంత అదృష్టం!"

అదృష్టం నేజాది కాదు, అన్నెలోట్‌ది. ఆమె ఇల్లులేని విద్యార్థుల మీద సిద్ధాంత వ్యాసం రాస్తోంది. ఆరు నెలలు వెతికినా ఒక్కరూ చిక్కలేదు పాపం! వెంటనే ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి, తడి మేజోళ్ళ దగ్గర్నుంచి గుడారంలో దూరే ఎలుకల దాకా అన్నీ అడిగింది. గది దాదాపు వచ్చేసినట్టేననుకుంది నేజా.

రెండు రోజుల తర్వాత, గది రాలేదని కబురొచ్చింది. ఉండబట్టలేక అన్నెలోట్‌కి ఫోన్ చేసింది.

"ఆరుగురు నీకే ఓటేశారు తెలుసా! నేనొక్కదాన్నే వద్దన్నా. మా ఇంట్లో అందరం సమానం కదా, ఒక్కరు వద్దన్నా వద్దే" అంది అన్నెలోట్ ఎంతో ఆప్యాయంగా.

"నువ్వా? నేనేం చేశానే నీకు?"

"అయ్యో, కోపమెందుకే? నా నాలుగో అధ్యాయమంతా నువ్వే! నువ్వు గదిలోకి వచ్చేస్తే ఆ అధ్యాయం ఏమైపోవాలి, చెప్పు! మే నెలలో వ్యాసం అయ్యేదాకా ఓపిక పట్టు."

అక్టోబరులో అన్నెలోటే ఫోన్ చేసింది. "నీలాంటివాళ్ళ కోసం మా ఏడుగురం త్యాగం చేస్తున్నాం. మూడు రోజులు ఊరి కూడలిలో గుడారాల్లో ఉంటాం. సంఘీభావం! అన్నాళ్ళూ మా పిల్లికి తిండి పెట్టవూ?"

పిల్లి కోసం కాదు, వేణ్ణీళ్ళ కోసం ఒప్పుకుంది నేజా. పిల్లికి తిండి పెట్టి, తనకి దక్కని ఆ గదిలో ఎవరు చేరారో చూద్దామని తలుపు తీసింది. ఎవరూ చేరలేదు. నేలనుంచి కప్పుదాకా అట్టలు పేర్చి ఉన్నాయి. ఒక్కో అట్టమీదా ఎర్రటి అక్షరాలు: "గది ప్రతి విద్యార్థి హక్కు!" హక్కులన్నీ హాయిగా పడుకున్నాయి. మనిషికే చోటు లేదు. నేజా తలుపు దభాల్న వేసింది.

ఆ రోజే సాయంత్రం నాలుగింటికి చినుకులు మొదలయ్యాయి. నాలుగుంబావుకి త్యాగమూర్తులు ఏడుగురూ గుమ్మంలో ఉన్నారు.

"మూడు రోజులన్నారు?" అంది నేజా.

"ఫొటోలు అయిపోయాయిగా!" అని తుమ్మాడు వౌటర్. "అయినా పొద్దున్నే నగరపాలక సంఘం పెద్దమనిషి టెర్ప్‌స్ట్రా వస్తున్నాడు. గుడారాలు ఖాళీగా ఉంటే ఉద్యమం పరువేం కాను? నువ్వెళ్ళి పడుకో. నీకు అలవాటే కదా!"

"సరే" అంది నేజా. ఆ పెద్దమనిషితో ఆమెకి రెండు మాటలున్నాయి.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి టెర్ప్‌స్ట్రా ఒక కెమెరాని, ఒక పోలీసుని, ఒక ఫ్లాస్కు కాఫీని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇళ్ళుండి కూడా, వెచ్చని పడకలుండి కూడా, ఈ చలిలో..." అంటూ కెమెరా ముందు కళ్ళు తుడుచుకున్నాడు.

"నాకు ఇల్లు లేదండీ" అంది నేజా. "ఇల్లున్నవాళ్ళు ఇంట్లో పడుకున్నారు."

టెర్ప్‌స్ట్రా కళ్ళు ఠక్కున ఆరిపోయాయి. "ఇల్లు లేదా? నిజంగానే?"

"నిజంగానే."

"అయితే ఇక్కడ పడుకోవడం నేరం కదమ్మా!" అని శిబిరానికి ఇచ్చిన అనుమతి పత్రం తీసి చదివాడు. "ఇల్లు గలవారు, ఇల్లు లేనివారి తరఫున పడుకొనవచ్చును. ఇల్లు లేనివారు స్వయముగా పడుకొనరాదు."

"నేనూ నిరసనగానే పడుకున్నాననుకోండి."

"మీకు ఇల్లే లేనప్పుడు అది నిరసన ఎలా అవుతుందమ్మా? నివాసం అవుతుంది!"

కెమెరా ఆగిపోయింది. కాఫీ మూత బిగిసింది. పోలీసు పుస్తకం తీశాడు.

"జరిమానా కాగితం పంపాలి. చిరునామా చెప్పండి."

నేజా అనుమతి పత్రం వైపు చూసింది. తర్వాత వౌటర్ వాళ్ళ వీధి పేరు, ఇంటి నంబరు స్పష్టంగా, అక్షరం అక్షరం విడమరచి చెప్పింది.

పోలీసు దాన్ని అనుమతి పత్రంలోని నిరసనకారుల చిరునామాతో సరిచూశాడు. "సార్, ఈ చిరునామా ఇందులో ఉంది! ఈవిడకి ఇల్లుంది!"

"చూశారా, ఎంత పని చేశారు! ఆ ముక్క ముందే చెప్పొద్దూ?" అంటూ టెర్ప్‌స్ట్రా తన చేత్తో కాఫీ పోసి ఇచ్చి, కెమెరా వైపు తిరిగాడు. "ఏదీ, మళ్ళీ మొదటినుంచి! ఇళ్ళుండి కూడా, వెచ్చని పడకలుండి కూడా..."

నేజా ఆ కాఫీ పుచ్చుకుని, ఇల్లున్న మనిషిలా దర్జాగా గుడారంలోకి వెళ్ళి జిప్పు వేసుకుంది.