పేరులో పడిన అయిదు

వివాహాల నమోదు కార్యాలయానికి విడి కీబోర్డు మంజూరైన శుభసందర్భంలో అధికారిగారు స్వహస్తాలతో తీగ తగిలించి, సిబ్బంది చేత చప్పట్లు కొట్టించుకున్నారు. లాప్‌టాప్‌లో అంకెలకు కుడిపక్కన వేరే మీటలు లేవని గుమాస్తా మొరపెట్టుకోగా వచ్చిన కీబోర్డు అది. అంకెల కోసం మంజూరైంది గనుక అంకెలు దాని కుడిపక్క మీటలతోనే కొట్టాలనీ, దానిమీద అక్షరాలు కొడితే కార్యాలయ సామగ్రి దుర్వినియోగం కిందికి వస్తుందనీ ఆదేశం జారీ అయింది.

చిక్కల్లా ఒక్కటే. విడి కీబోర్డులో అంకెల మీటలను పనిచేయించే నమ్ లాక్ వేస్తే లాప్‌టాప్ మీది కొన్ని అక్షరాలు కూడా అంకెలుగా పడేవి. తీసేస్తే అసలు అంకెలే పడేవి కావు. తేదీ కుదిరితే పేరు చెడేది, పేరు కుదిరితే తేదీ ఎగిరిపోయేది. అధికారిగారు దీర్ఘంగా ఆలోచించి తేదీ వైపు మొగ్గారు.

ఆ వారమే ఒక బస్సు డ్రైవరూ, ఒక నర్సూ వచ్చారు. చెరొక హాస్టల్లో ఉండేవారు. రాత్రి డ్యూటీ దిగి, ఆయన నడిపే బస్సులో ఆమె నిద్రపోతూ వెళ్ళడమే అప్పటిదాకా వాళ్ళ కాపురం. పెళ్ళి పత్రం చూపిస్తే ఆస్పత్రివాళ్ళు క్వార్టర్సు ఇస్తారు. శనివారం దాటితే అది ఇంకొకరిది.

"సార్, మా ఆయన పేరు మధ్యలో అయిదు పడిందండీ," అంది నర్సు, పత్రం చూసుకుని.

"తేదీ చూడమ్మా, ముత్యంలా ఉంది."

"ఆ లాకేదో తీసి పేరు, వేసి తేదీ కొట్టొచ్చు కదండీ?"

"ఊరికే తీసి వెయ్యడానికి అదేమన్నా తలుపు గొళ్ళెమా? పేరనేది మనిషికి అలంకారం. తేదీ చట్టానికి ఆధారం. మీ ఆయన్ని మీరు ఎలాగూ గుర్తుపడతారు. చట్టం కూడా గుర్తుపట్టాలి కదమ్మా."

ఆస్పత్రి క్వార్టర్సు గుమాస్తా నీతిపరుడు. నర్సుకు పెళ్ళయింది అయిదున్న మనిషితో గనుక, అయిదు లేని మగవాణ్ణి ఆమె ఇంట్లో ఉండనివ్వడం తన మనస్సాక్షికి సమ్మతం కాదన్నాడు. డ్రైవరు చేసేది లేక తన పేరులో అయిదు చేర్చమని పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాడు. పత్రంలో పేరు దిద్దడానికైతే ఏడాది పట్టేదట. చెడగొట్టడం ఒక్క పూటలో అయిపోయింది. శనివారం సాయంత్రం ఇద్దరూ క్వార్టర్సులో దిగి, మొదటిసారి ఒకే గదిలో మెలకువగా కూర్చుని టీ తాగారు.

కొన్నాళ్ళకు మరమ్మతు మనిషి వచ్చి, ఒక సెట్టింగు మార్చి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. పేర్లు శుభ్రంగా పడసాగాయి. దాంతో పేర్లలో అంకెలున్న పత్రాలన్నీ చెల్లవని ప్రకటించారు. ఇల్లు ఖాళీ చేయమని డ్రైవరుకు నోటీసు వచ్చింది, అచ్చమైన పాత పేరుతో.

నోటీసు తెచ్చిన బంట్రోతుకు డ్రైవరు తన కొత్త గుర్తింపు కార్డు చూపించాడు. "ఈ పేరుగలాయన ఇక్కడ లేడండీ. నాది అయిదున్న పేరు."

బంట్రోతు అక్షరాలు కూడబలుక్కుని చదివి, క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పేరుగలాయన కోసం ఇప్పటికీ గాలిస్తున్నారు. ఆ దంపతులు మాత్రం హాయిగా ఉన్నారు.

పాఠకులు నవ్వుతున్నారు. నవ్వండి. కాకపోతే మీ గుర్తింపు కార్డు ఒకసారి బయటికి తీసి, అందులో మీ నాన్నగారి పేరు ఎలా పడిందో చదువుకోండి. మొన్న బ్యాంకులో మీరు సంతకం పెట్టి వచ్చింది ఆ తప్పు పేరుగలాయన బిడ్డగానే.